ఒకరికి చెత్త, ఇంకొకరికి బేరం: పలాసలో ఒక మెయిల్ సర్వర్‌కి స్పామ్ వడపోత

పలాస-కాశీబుగ్గలో ‘జీడి కార్ఖానా ఎక్కడ?’ అని అడిగితే ‘ఏ కార్ఖానా?’ అని ఎదురు అడుగుతారు. అన్ని ఉన్నాయి. అందులో ఒక కార్ఖానా మెయిల్ సర్వర్‌కి స్పామ్‌ని, అంటే అడక్కుండా వచ్చిపడే చెత్త మెయిళ్ళని, ఆపే వడపోత పెట్టిన కేసు ఇది. ఊరి పేరు చెప్పినా అది ఎవరిదో తేలదన్న ధైర్యం నాది. ఆనవాలు పట్టించే వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. సాంకేతిక సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను, నా తప్పులతో సహా.

ముందు సంగతి

చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు జీడి పిక్కలు వేసవిలో వస్తాయి. కార్ఖానా ఏడాదంతా ఆడాలంటే అవి చాలవు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఐవరీ కోస్ట్, ఘనా, బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల పిక్కలు, అక్టోబరు దాటాక టాంజానియా, మొజాంబిక్ పిక్కలు తెప్పించుకుంటారు. ఆ బేరాలు మెయిల్‌లోనే మొదలవుతాయి. ఈ సంస్థలో 14 మెయిల్ పెట్టెలు ఉన్నాయి: యజమానిది, కొడుకుది, కొనుగోళ్ళు చూసే గుమస్తాది, లెక్కలు చూసే అమ్మాయిది, ఎగుమతి కాగితాలవాళ్ళవి, ఇంకా ఇలాంటివి.

మెయిల్ పుచ్చుకునే, పంపే సర్వర్ ప్రోగ్రాం పోస్ట్‌ఫిక్స్, పెట్టెల్లో దాచి చూపించేది డవ్‌కాట్. మొదట్లో ఆ కంప్యూటర్ ఆఫీసు మెట్ల కింద ఉండేదట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొట్టి రోజుల తరబడి కరెంటు లేకుండా పోయాక దాన్ని బయట అద్దె వర్చువల్ మెషీన్‌లోకి మార్చారు. మెమరీ 2 జీబీ. నేను ఆ తర్వాత ఈ సర్వర్ చూసుకోవడానికి చేరినవాణ్ణి. పెట్టెకింత అని నెలనెలా కట్టే సేవకి మారిపోవచ్చు కదా అని మొదటి రోజే అడిగాను. పాత ఒప్పందాల మెయిళ్ళన్నీ తన దగ్గరే ఉండాలన్నారు యజమాని. ఆ పట్టు లేకపోతే ఈ కేసే లేదు.

స్పామ్‌కి అప్పటికే స్పామ్‌అసాసిన్ అనే వడపోత ప్రోగ్రాం ఉంది. మెయిల్ ఎంత అనుమానంగా ఉంటే అన్ని మార్కులు వేస్తుంది, గీత దాటితే స్పామ్ అంటుంది. ఎవరో పెట్టి వదిలేశారు. ఆ గీత 5 మార్కుల దగ్గర, అంటే ప్రోగ్రాంతో వచ్చినచోటే ఉంది. ఒక్క మెయిల్ కూడా దానికి నేర్పలేదు. రెండేళ్ళు నేనూ ముట్టుకోలేదు. నడుస్తున్నదాన్ని కదపడమెందుకని.

గుమస్తాకి పట్టిన నాలుగు సెకన్లు

ఒక ఫిబ్రవరిలో యజమాని ఫోన్ చేశారు. “ఏటి బావూ ఇది? రావలసినవి రావు, అక్కర్లేనివి పొద్దున్నే వరస కట్టి నిలబడతాయి. మా పాత పార్టీ ధర పంపానంటున్నాడు, నాకు అందలేదు.”

చూస్తే ఆ ధర మెయిల్ చెత్త ఫోల్డర్‌లో ఉంది. దాని పక్కనే ఒక మోసం మెయిల్, ఎవరో చనిపోయిన మంత్రిగారి కోట్లు బయటికి తేవడానికి ముందుగా కాస్త ఖర్చు పెట్టమనే బాపతు. రెండూ తెర మీద పక్కపక్కన పెట్టాను. రెండూ ఉచిత మెయిల్ చిరునామాల నుంచే వచ్చాయి. రెండింటిలోనూ పెద్ద అక్షరాలే. ‘డియర్ సర్’, ‘అర్జెంటు’, ‘అడ్వాన్స్’, ‘బ్యాంకు’, ఒక పీడీఎఫ్ జత. వచ్చిన తీరం కూడా దాదాపు ఒకటే. ముందస్తు సొమ్ము మోసాల కోసం స్పామ్‌అసాసిన్‌లో ప్రత్యేకంగా నియమాలు ఉన్నాయి. అవి తమ పని తాము సరిగ్గానే చేశాయి. నిజం చెప్పాలంటే ఆ రెండిట్లో ఏది బేరమో నేనూ చెప్పలేకపోయాను.

కొనుగోళ్ళ గుమస్తా గారు అరవై దాటినాయన. కళ్ళజోడు పైకెత్తి చూశారు. నాలుగు సెకన్లు పట్టింది.

“ఇందులో ఔట్‌టర్న్ లేదు, కౌంటు లేదు. పిక్కలమ్మేవాడు రేటు కంటే ముందు అవి చెప్తాడు బాబూ.”

ఔట్‌టర్న్ అంటే 80 కిలోల బస్తా పిక్కలు కొడితే ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందన్న లెక్క. 46, 48 అని చెబుతారు. కౌంటు అంటే కిలోకి ఎన్ని పిక్కలు తూగుతాయన్నది. వీటితోపాటు తేమ శాతం. ఈ మూడూ లేకుండా ఎవరూ పిక్కలు కొనరు కాబట్టి, ఇవి లేకుండా ఎవరూ అమ్మజూపరు.

ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ నాలుగు సెకన్లలోనే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం ‘మంచి వడపోత పెడితే సరి’ అనుకుని బయల్దేరాను.

వాకిట్లోనే చెప్పాలా, లోపలికి తీసుకున్నాకా

పాత ఏర్పాటులో మెయిల్‌ని ముందు పుచ్చుకుని, వరసలో పెట్టి, ఆ తర్వాత వడపోతకి ఇచ్చేవారు. ఇది పార్సిల్‌కి సంతకం చేసి తీసుకున్నాక విప్పి చూడడం లాంటిది. నచ్చకపోతే గప్‌చుప్‌గా పారేయాలి, లేదా తిప్పి పంపాలి. తిప్పి పంపితే అది దొంగ పంపినవాడికి చేరదు. వాడు ఎవరి చిరునామా వాడుకున్నాడో ఆ పాపం లేనివాడి నెత్తిన పడుతుంది. అలా తిప్పి పంపిస్తూ ఉంటే మన సర్వరే స్పామ్ పంపే సర్వర్ల నల్లజాబితాకెక్కుతుంది.

అందుకని పంపేవాడి సర్వర్ ఇంకా లైన్‌లో ఉండగానే తూకం వేయాలనుకున్నాను. దానికి పోస్ట్‌ఫిక్స్‌లో మిల్టర్ అనే తలుపు ఉంది. ఆర్‌స్పామ్‌డీ అనే ఇంకో వడపోత ప్రోగ్రాంని ఎంచుకుని ఆ తలుపుకి తగిలించాను, 11332 పోర్టు మీద. స్పామ్‌అసాసిన్‌ని కూడా మిల్టర్‌గా పెట్టొచ్చు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అది పెర్ల్ భాషలో నడిచేది, ఈ 2 జీబీలో నాలుగు ప్రతులు లేస్తే డవ్‌కాట్‌కి ఊపిరాడదు. ఆర్‌స్పామ్‌డీ సీ భాషలో రాసింది, నియమాలు లువా భాషలో రాసుకోవచ్చు, నేర్చుకున్నది రెడిస్ అనే డేటాబేస్‌లో దాచుకుంటుంది. నాకు ఎక్కువ నచ్చినది వేరే: చిరునామాల జాబితాలు మామూలు టెక్స్ట్ ఫైళ్ళు. ఫైలు మారిస్తే అదే చూసుకుని మళ్ళీ చదువుకుంటుంది, సర్వీసు ఆపి మొదలుపెట్టనక్కర్లేదు. జాబితా రేపు గుమస్తా గారి చేతికి ఇవ్వొచ్చు అన్న ఆలోచన అక్కడే పుట్టింది.

ఆర్‌స్పామ్‌డీతో వచ్చే మెట్లు ఇలా ఉంటాయి: 4 దాటితే కాసేపాగి రమ్మంటుంది, 6 దాటితే స్పామ్ అని హెడర్, అంటే మెయిల్ తలభాగంలో ఒక గుర్తు వరస, తగిలిస్తుంది, 15 దాటితే వాకిట్లోనే వద్దంటుంది. 15ని అలాగే ఉంచాను. అంత మార్కు వచ్చినది బేరమయ్యే అవకాశం బహు తక్కువ, ఒకవేళ అయినా పంపినవాడికి ‘అందలేదు’ అన్న కబురు వెంటనే చేరుతుంది, ఫోన్ చేస్తాడు. చెత్త ఫోల్డర్‌లో మౌనంగా కుళ్ళడం కంటే అది మేలు. ‘ఆగి రా’ అనే మెట్టుని మాత్రం తీసేశాను. ఆఫ్రికాలో చిన్న ఏజెంట్ల సర్వర్లు కొన్ని మళ్ళీ ప్రయత్నించడానికి గంటలు తీసుకునేవి. ధర మెయిల్‌కి గంటలు ఎక్కువే.

వడపోత పడిపోతే ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. మెయిల్ పోతుందన్న భయంతో మొదట ‘పడిపోతే అన్నీ రానివ్వు’ అని పెట్టాను. ఒక రాత్రి మెమరీ చాలక ఆర్‌స్పామ్‌డీ ఆగిపోయింది. పొద్దున్నకి ప్రతి పెట్టెలోనూ చెత్త. పోస్ట్‌ఫిక్స్‌కి అసలున్న అలవాటు ‘తాత్కాలికంగా కుదరదు’ అనడం, మళ్ళీ దానికే వచ్చాను. పద్ధతిగా నడిచే సర్వర్లు నాలుగైదు రోజులు ప్రయత్నిస్తూనే ఉంటాయి. నా ఫోన్‌కి హెచ్చరిక వస్తే చాలు, మెయిల్ ఎక్కడికీ పోదు.

నేను చెడగొట్టిన రాత్రి

ఇది రాయకుండా వదిలేయాలనిపించింది. ఆర్‌స్పామ్‌డీ సరిపోదన్నట్టు, పోస్ట్‌ఫిక్స్‌లో కూడా ఒక వరస చేర్చాను. పంపే సర్వర్ ఐపీ, అంటే దాని అంకెల చిరునామా, స్పామ్‌హౌస్ సంస్థ నడిపే నల్లజాబితాలో ఉంటే వెంటనే వద్దనమని. సాయంత్రం నాలుగుకి పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్న యజమాని: “నిన్న సాయంకాలం నుంచి ఒక్క మెయిల్ రాలేదు బావూ. చెత్త కూడా రాలేదు. నువ్వు మరీ శుభ్రం చేసీసినట్టున్నావు.”

నా సొంత చిరునామా నుంచి పంపి చూశాను. వెనక్కి వచ్చేసింది, నల్లజాబితాలో ఉందన్న కారణంతో. ప్రపంచమంతా నల్లజాబితాలో ఉండదు కదా. లాగ్, అంటే సర్వర్ రాసుకునే చిట్టా, తీశాను. నల్లజాబితా అడగడమంటే, పేర్లకి అంకెల చిరునామాలు చెప్పే డీఎన్ఎస్‌కి ఒక ప్రశ్న వేయడమే. జవాబుగా 127.0.0.2 లాంటి అంకె వస్తే ఆ ఐపీ జాబితాలో ఉన్నట్టు. మాకు ప్రతిదానికీ వచ్చిన జవాబు 127.255.255.254. అది ‘ఈ ఐపీ చెడ్డది’ అని కాదు. ‘నువ్వు బహిరంగ డీఎన్ఎస్ ద్వారా అడుగుతున్నావు, ఇలా అడిగితే చెప్పను’ అని. మా మెషీన్ డీఎన్ఎస్‌కి 8.8.8.8ని, అంటే గూగుల్ అందరికీ తెరిచి పెట్టినదాన్ని, వాడుతోంది. నేను రాసిన వరసలో ‘ఏ జవాబొచ్చినా వద్దను’ అని ఉంది. జవాబు వచ్చింది, పోస్ట్‌ఫిక్స్ వద్దంది.

ఇదంతా వాళ్ళ సూచనల్లో రాసే ఉంది. నేను చదవలేదు.

సరిదిద్దడానికి రెండు పనులు చేశాను. మెషీన్‌లోనే అన్‌బౌండ్ అనే డీఎన్ఎస్ ప్రోగ్రాం పెట్టి, అది ఎవరి ద్వారానూ కాకుండా తనే నేరుగా వెళ్ళి అడిగేలా చేశాను. పోస్ట్‌ఫిక్స్ వరసలో 127.0.0.2 నుంచి 127.0.0.11 మధ్య వచ్చిన జవాబునే లెక్కలోకి తీసుకోమని రాశాను. ఆ తర్వాత ఇంకా ఆలోచించి ఆ వరసనే తీసేశాను. నల్లజాబితా మాట ఆర్‌స్పామ్‌డీలో కొన్ని మార్కులుగా ఉంటే చాలు, ఒక్క సాక్ష్యంతో తలుపు వేసేయడం ఈ వ్యాపారానికి పనికిరాదు. ఆ రాత్రి వెనక్కి వెళ్ళిన మెయిళ్ళ జాబితా లాగ్ నుంచి తీసి, గుమస్తా గారు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మళ్ళీ పంపమన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు.

నేర్పినవాడిని బట్టి నేర్చుకుంటుంది

బేయ్స్ అనే భాగం మంచి మెయిళ్ళలో, చెత్త మెయిళ్ళలో పదాలు ఎలా పడతాయో చూసి నేర్చుకుంటుంది. ఆర్‌స్పామ్‌డీలో ఏమీ మార్చకపోతే, రెండు రకాల్లోనూ 200 చొప్పున నేర్పేదాకా అది నోరు విప్పదు. చెత్తకి కొరత లేదు. మంచివి 200 ఎక్కడి నుంచి తేవాలి? లెక్కల పెట్టె శుభ్రంగా ఉంటుందని అక్కడి నుంచి ఎత్తాను: బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ, కొరియర్, కరెంటు బిల్లు.

వారం తిరిగేసరికి ధర మెయిళ్ళు మునుపటికంటే ఎక్కువ చెత్తలో పడ్డాయి. దాని తప్పేముంది? మంచి మెయిల్ అంటే బ్యాంకు భాషలో ఉంటుందని, ఆఫ్రికా పేరు కనిపిస్తే చెత్త అని నేనే నేర్పాను.

అంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి గుమస్తా గారి పక్కన రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. పాత సీజన్ల మెయిళ్ళు ఒక్కొక్కటే తెరుస్తాను, ఆయన ‘గుండు’ అంటే మంచిది, ‘పుచ్చు’ అంటే చెత్త. అడ్డంగా తలూపితే ఏ వైపూ వేయకుండా వదిలేసేవాణ్ణి. ఆ వదిలేసినవి తక్కువేం కాదు. తెలియనిదాన్ని ఏదో ఒక వైపు వేయకపోవడమే ఆ 200లకి బలమని నా నమ్మకం.

ప్రతి పెట్టెకీ వేరే బేయ్స్ పెట్టే వీలుంది. పెట్టలేదు. ఎగుమతి కాగితాల పెట్టెకి 200 చెత్త మెయిళ్ళు రావడానికి ఏళ్ళు పడుతుంది, అన్నాళ్ళూ అది మూగగానే ఉంటుంది.

ఇక రోజువారీ నేర్పు. డవ్‌కాట్‌లో ఐమ్యాప్‌సీవ్ అని ఉంది. ఎవరైనా మెయిల్‌ని చెత్త ఫోల్డర్‌లోకి లాగితే చెత్తగా, బయటికి లాగితే మంచిదిగా ఆర్‌స్పామ్‌డీకి చెప్పేస్తుంది. చెత్త నుంచి ట్రాష్‌లోకి లాగడం కూడా ‘బయటికి లాగడమే’ కాబట్టి, గమ్యం ట్రాష్ అయితే నేర్పొద్దని స్క్రిప్ట్‌లో రాయాలి. లేకపోతే ఫోల్డర్ ఖాళీ చేసిన ప్రతిసారీ చెత్తంతా మంచిదని నేర్చుకుంటుంది. అది ముందే తెలుసు, రాశాను. తెలియనిది ఇంకోటి ఉంది. లెక్కల అమ్మాయికి చదివేసిన మెయిల్‌ని చెత్తలోకి లాగడం అలవాటు. ఆమె దృష్టిలో అది బీరువా కింది అర. మూడు వారాల్లో మా బ్యాంకు మెయిళ్ళకి చెత్త మార్కులు రావడం మొదలైంది.

“పనైపోయింది కదండీ, మరెక్కడ పెట్టమంటారు?” అంది. న్యాయమైన ప్రశ్న. ఆమెకి ‘పాతవి’ అని ఒక ఫోల్డర్ చేసిచ్చాను. యజమాని కొడుకు, గుమస్తా గారు, వీళ్ళిద్దరు లాగితేనే నేర్పేలా మార్చాను. మిగతావాళ్ళు లాగితే మెయిల్ కదులుతుంది, అంతే.

ఒక మెయిల్, ఇద్దరు గ్రహీతలు

ఇంతదాకా వచ్చాక అసలు చిక్కు బయటపడింది. లెక్కల పెట్టెకి ఆఫ్రికా నుంచి కొత్తవాళ్ళ మెయిల్ ఏదీ అక్కర్లేదు, అక్కడ వడపోత గట్టిగా ఉండాలి. గుమస్తా గారికి అవే కావాలి, అక్కడ వదులుగా ఉండాలి. ఆర్‌స్పామ్‌డీలో గ్రహీతను బట్టి సెట్టింగులు మార్చుకోవచ్చు. మార్చాను. విడివిడిగా పంపి చూస్తే బాగానే పనిచేసింది.

అయితే ఏజెంట్లు ఒకే మెయిల్‌ని గుమస్తాకీ, లెక్కలకీ కలిపి పంపుతారు. మిల్టర్ దగ్గర అది ఒకే మెయిల్, దానికి ఒకే తూకం, ఒకే తీర్పు. గ్రహీతల్లో లెక్కల చిరునామా కనబడగానే గట్టి సెట్టింగు పట్టుకునేది, గుమస్తా గారి ప్రతి కూడా చెత్తలో పడేది. సెట్టింగుల ప్రాధాన్యం అటు మార్చితే ఇటు చెడింది. రెండు రోజులు దాంతో కుస్తీ పట్టాక తెలిసింది, తప్పు సెట్టింగుల్లో కాదు, వాటిని పెట్టిన చోటులో అని.

జీడి కార్ఖానాలో పిక్కలు ముందు జల్లెడల మీద సైజు వారీగా విడిపోతాయి. గుండ్లు, బద్దలు, మచ్చవి వేరు చేయడం ఆ తర్వాత, బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళ చేతుల్లో. జల్లెడని బల్ల పని చేయమని నేను గొడవపడుతున్నాను.

వాకిట్లో అందరికీ ఒకటే తూకం పెట్టేశాను, 15 దాటినవాటిని వద్దనడం తప్ప అక్కడ తీర్పు లేదు. మిగతా ప్రతి మెయిల్‌కీ వచ్చిన మార్కుల్ని నక్షత్రాలుగా ఒక హెడర్‌లో రాయించాను, మార్కుకొక నక్షత్రం. ఎవరైనా ముందే అలాంటి హెడర్ పెట్టి పంపితే దాన్ని తీసేసి మాది పెడుతుంది. డవ్‌కాట్‌కి మెయిల్ ఎల్ఎమ్‌టీపీ అనే అప్పగింత పద్ధతి మీద చేరినప్పుడు ఒక్కొక్క గ్రహీతకి ఒక్కొక్క ప్రతి అవుతుంది, ప్రతి పెట్టెకీ తన సీవ్ స్క్రిప్ట్, అంటే మెయిల్‌ని ఏ ఫోల్డర్‌లో వేయాలో చెప్పే నియమాల ఫైలు, నడుస్తుంది. లెక్కల పెట్టెలో నాలుగు నక్షత్రాలుంటే పక్కకి, గుమస్తా గారి పెట్టెలో తొమ్మిదుంటేనే పక్కకి. యజమానికి మాత్రం ఏడు. ఆయన అడిగిందది, ఎందుకో నేను అడగలేదు. ఎవరికి వారు మార్చుకోవడానికి 4190 పోర్టు మీద మేనేజ్‌సీవ్ అనే సదుపాయం తెరిచాను, కొడుకు ఒక్కడే వాడుతున్నాడు.

పక్కకి వెళ్ళే ఫోల్డర్‌కి ‘అనుమానం’ అని తెలుగులోనే పేరు పెట్టాను. ‘జంక్’ అని ఉన్నన్నాళ్ళు ఎవరూ తెరవలేదు. ‘అనుమానం’ అంటే తెరిచి చూస్తున్నారు.

గుమస్తా గారి నాలుగు సెకన్ల తెలివిని కూడా నియమం చేశాను. ఔట్‌టర్న్, కౌంటు, తేమ, ఈ మూడిట్లో రెండు మాటలు, పక్కన అంకెలతో కనిపిస్తే మూడు మార్కులు తగ్గుతాయి. పదిహేను తగ్గించమన్నాడు కొడుకు. ఒప్పుకోలేదు. ఆ మాటలు రాయడం ఎవడికైనా వచ్చు.

ఒక అక్షరం తేడా

ఆ మాటలతో ఒక దొంగ రాశాడు కూడా. తెలిసిన పార్టీతో నడుస్తున్న బేరం మధ్యలో ఒక మెయిల్ వచ్చింది. కింద పాత ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఉన్నాయి, కాబట్టి ఔట్‌టర్న్ ఉంది, కౌంటు ఉంది. ‘మా బ్యాంకు ఖాతా మారింది, అడ్వాన్స్ ఇందులో వేయండి’ అని ఉంది. డొమైన్‌లో, అంటే చిరునామాలో @ తర్వాతి భాగంలో, ఒక ‘ఎల్’ అక్షరం చోట 1 అంకె. మెయిల్ మీద డొమైన్ వేసే సంతకం, డీకిమ్, సరిపోయింది. ఆ డొమైన్ తరఫున ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ కూడా సరిపోయింది. సరిపోక ఏం చేస్తాయి? ఆ దొంగ డొమైన్ వాడిదే, దాని సంతకమూ వాడిదే. ఈ మెయిల్ ఈ డొమైన్ నుంచే వచ్చిందా అన్నంతవరకే అవి చెబుతాయి, ఆ డొమైన్ ఎవరిదో చెప్పవు. ఒక్క నక్షత్రం కూడా లేకుండా నేరుగా ఇన్‌బాక్స్‌లో దిగింది. నా మూడు మార్కుల తగ్గింపు దానికి దారి ఊడ్చిపెట్టింది.

డబ్బు పోలేదు. కొత్త ఖాతా ఇంకో దేశంలో ఉండడం లెక్కల అమ్మాయి గమనించి ఆపింది. చెత్త ఫోల్డర్‌ని బీరువా అరలా వాడుతుందని నేను విసుక్కున్న అమ్మాయే.

ఆ తర్వాత నమ్మిన పార్టీల జాబితా వేరే ఫైలుగా పెట్టాను, గుమస్తా గారు చెబితేనే అందులో పేరెక్కుతుంది. జాబితాలో చిరునామా ఉండి, డీకిమ్ కూడా సరిపోతేనే తగ్గింపు. సంతకం లేని చిరునామాని నమ్మడమంటే కవరు మీద రాసిన పేరుని నమ్మడమే. జాబితాలో లేని డొమైన్ నుంచి పిక్కల మాటలతోపాటు ఖాతా మారిందన్న మాట వస్తే, మార్కులతో పనిలేకుండా ‘అనుమానం’లోకి వెళుతుంది. దీన్ని స్పామ్ మార్కుల్లో కలపలేదు. స్పామ్ అంటే విసుగు, ఇది దోపిడీ. ఒకే తక్కెడలో రెండూ తూచితే, బేయ్స్ ఇచ్చిన నాలుగు మంచి మార్కులు దోపిడీని మళ్ళీ కప్పేస్తాయి.

మళ్ళీ కడితే

ఇప్పుడైతే ఆర్‌స్పామ్‌డీని ముట్టుకునే ముందు గుమస్తా గారి పక్కన కూర్చుంటాను. మొదటి రెండు వారాలు ఏ మెయిల్‌నీ ఆపకుండా, మార్కులు మాత్రం హెడర్‌లో రాయించి చూస్తాను. నల్లజాబితా రాత్రి కూడా, లెక్కల పెట్టెతో నేర్పిన తప్పు కూడా అలా అయితే కాగితం మీదే తేలిపోయేవి. డీఎన్ఎస్ సంగతి మొదటి రోజే చూస్తాను.

ఒకటి ఈ ఏర్పాటుతో తీరనిది మిగిలింది. నమ్మిన పార్టీ పెట్టెనే ఎవడైనా కాజేసి అక్కడి నుంచే రాస్తే, చిరునామా అదే, సంతకం అదే, జాబితాలో పేరూ ఉంటుంది. దానికి నా దగ్గర నియమం లేదు. లెక్కల అమ్మాయి బల్ల వెనక గోడకి ఒక అట్ట వేలాడుతోంది. పార్టీల ఫోన్ నంబర్లు, గుమస్తా గారి చేతిరాత. ఖాతా మారిందన్న ప్రతిసారీ ఆ నంబర్‌కి చేయాలి. ఆ నంబర్లు మెయిళ్ళలోంచి ఎత్తినవి కావు. పాత ఒప్పంద కాగితాలు బయటికి తీసి, వాటి మీంచి చూసి రాసుకున్నవి.